ఏ గ్రూపు తీసుకోవాలి? ఎవరు తేల్చాలి?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో గృహహింస గురించి, కూలి రేట్ల గురించి, ఆస్తి హక్కు గురించి మాట్లాడుకున్నాం. వాటి సరసన "టెన్త్ తర్వాత ఏ గ్రూపు, ఇంటర్ తర్వాత ఏ డిగ్రీ" అన్న విషయాన్ని పెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. అది స్కూలు మాస్టార్లు చూసుకోవలసిన సంగతి కదా అనుకోవచ్చు. కానీ ఊళ్ళల్లో, బస్తీల్లో పనిచేసే మీ అందరికీ మే, జూన్ నెలల్లో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇది. పదిహేనేళ్ళ పిల్లో, పదిహేడేళ్ళ పిల్లో వచ్చి "అక్కా, ఏం తీసుకోమంటావు?" అని అడుగుతుంది. "నీకేం కావాలనుంది?" అని మనం తిరిగి అడుగుతాం. "ఏమో, తెలీదక్కా" అంటుంది. అక్కడితో మాట ఆగిపోతుంది. ఏదో ఒకటి చదువు, చదువు మాత్రం మానకు అని చెప్పి పంపించేస్తాం.

ఆ "తెలీదు" అన్న మాట గురించే నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. ఆ మాటను ఇంట్లో ఎలా తీసుకుంటారు, ప్రభుత్వ విధానాలు ఎలా తీసుకుంటాయి, మనం ఎలా తీసుకోవాలి అన్నవి నా మూడు అంశాలు.

ముందుగా ఇంటి సంగతి. ఏం చదవాలో తెలియడం లేదని అబ్బాయి అంటే అతనికి వ్యవధి దొరుకుతుంది. ర్యాంకు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగని ఒక ఏడాది విజయవాడకో హైదరాబాదుకో పంపిస్తారు. డిగ్రీ మధ్యలో మానేసి వేరే కోర్సులో చేరినా "వాడికింకా కుదురు రాలేదు, వస్తుందిలే" అంటారు. అదే మాట అమ్మాయి అంటే "తనకే తెలియనప్పుడు ఇంక డబ్బు తగలెయ్యడం దేనికి?" అన్న ప్రశ్న పుడుతుంది. ఆమె ఆలోచించుకోవడానికి కావలసిన ఆ కొద్దికాలంలోనే పెళ్ళి సంబంధం వచ్చి కూర్చుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకుండానే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇంటర్ చదవవలసిన రెండేళ్ళూ సరిగ్గా ఈ వయసులోనే ఉన్నాయి. అందుచేత అమ్మాయి "తెలీదు" అనడం ప్రమాదకరమైన పని. ఆ సంగతి పిల్లలకు బాగా తెలుసు. అందుకే చాలామంది తెలిసినట్టు నటిస్తారు. డాక్టరవుతాననో టీచరవుతాననో గట్టిగా చెబితే తప్ప చదువు సాగదు కాబట్టి అలా చెబుతారు. రెండేళ్ళ తర్వాత ఆ సీటు రాకపోతే "అప్పుడేమన్నావు?" అని ఆ మాటనే ఆమె మీదికి తిప్పుతారు.

నిజానికి పదిహేనేళ్ళ మనిషికి జీవితంలో ఏం చెయ్యాలో తెలియకపోవడంలో ఆశ్చర్యమేముంది? ఆ పిల్ల చూసిన ఉద్యోగాలెన్ని? బడిలో టీచరు, సబ్‌సెంటర్లో ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు, ఎప్పుడైనా బ్యాంకులో ఒక ఉద్యోగిని. అబ్బాయిలు సాయంత్రం పూట సెంటర్లో నిలబడతారు, టీ కొట్టు దగ్గర పెద్దవాళ్ళ మాటలు వింటారు, బండి వేసుకుని పట్నం తిరిగొస్తారు. అమ్మాయి బడి నుంచి ఇంటికొచ్చి అంట్లు తోమి, నీళ్ళు పట్టి, తమ్ముణ్ణి చూసుకుంటుంది. చూడని పనిని ఎవరూ కోరుకోలేరు. సమాజశాస్త్రంలో మేము దీన్ని సామాజికీకరణ అంటాం. అభిరుచి అనేది పుట్టుకతో వచ్చేది కాదు, మనకు చూడనిచ్చిన ప్రపంచంలోంచి వచ్చేది. అటువంటప్పుడు "నీ అభిరుచి ఏమిటమ్మా?" అని అడిగి, జవాబు రాకపోతే ఆమెలోనే లోపముందనుకోవడం అన్యాయం.

ఇంతకీ ఆమె చదువును చివరికి తేల్చేవి ఏమిటి? మీ ఊళ్ళనే గుర్తు చేసుకోండి. పొద్దున బస్సు ఎన్ని గంటలకు, సాయంత్రం చీకటి పడకముందు తిరుగు బస్సుందా అన్నది మొదటిది. దగ్గరి కాలేజీలో ఏ గ్రూపులున్నాయన్నది రెండోది. ఆ గ్రూపులో ఇంకెంతమంది ఆడపిల్లలు చేరుతున్నారన్నది మూడోది. అన్నకో తమ్ముడికో ఫీజు కట్టాక ఎంత మిగులుతుందన్నది నాలుగోది. ఈ చదువు పూర్తయ్యేసరికి ఆమెకు ఎన్నేళ్ళు వస్తాయి, అంత చదువుకు తగిన వరుణ్ణి తేగలమా అన్నది ఐదోది. ఈ ఐదూ అయ్యాక మార్కులు, ఇష్టం వస్తాయి. దళిత, ఆదివాసీ అమ్మాయిల విషయంలో ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కుతున్నది తనే కాబట్టి సలహా చెప్పే మనిషే ఉండదు. ఉర్దూ మీడియంలో చదివిన ముస్లిం అమ్మాయికి ఆ మీడియం ఉన్న కాలేజీ ఎక్కడుంటే అక్కడున్న కోర్సే దిక్కవుతుంది.

ఇక్కడ ఒక లెక్క చెబుతాను. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో స్త్రీల స్థూల నమోదు నిష్పత్తి 28.5, పురుషులది 28.3. అంటే చేరికల్లో ఆడపిల్లలు వెనకబడి లేరు. సైన్సు కోర్సుల్లో ఉన్న 57.2 లక్షల మందిలో 29.8 లక్షల మంది స్త్రీలే. ఈ అంకె చూపించి ఆడపిల్లలు సైన్సులో ముందున్నారని పత్రికలు రాశాయి. సంతోషమే. కానీ అదే సర్వేలో ఇంజనీరింగ్ విద్యార్థుల్లో స్త్రీలు మూడోవంతు కూడా లేరు. లెక్కలంటే ఆడపిల్లలకు భయమని చెప్పే వివరణ ఇక్కడ సరిపోదు. అదే భయమైతే బి.ఎస్‌సి.లో ఇంతమంది ఎలా ఉంటారు? బి.ఎస్‌సి. దగ్గరి ఊళ్ళో దొరుకుతుంది, మూడేళ్ళలో అయిపోతుంది, ఖర్చు తక్కువ. ఇంజనీరింగ్ నాలుగేళ్ళు, ఎక్కువ ఫీజు, చాలాచోట్ల హాస్టలు. ఒకే ఇంట్లో కొడుకు బి.టెక్., కూతురు బి.ఎస్‌సి. చదువుతుంటే అది ఇద్దరి తెలివిలో తేడా అని ఎలా అంటాం? ఆ ఇంటి డబ్బు ఎటు వెళుతోందో కదా అది చెబుతున్నది?

రెండో అంశం, ప్రభుత్వ విధానాలు. స్త్రీలు ఏం చదవాలో తేల్చే పని ఈ దేశంలో పెద్దలు చాలాకాలం తమ మీదే వేసుకున్నారు. 1948-49 రాధాకృష్ణన్ కమిషన్ స్త్రీల చదువుకు ఒక అధ్యాయం కేటాయించి, గృహ విజ్ఞానం, నర్సింగ్, ఉపాధ్యాయ వృత్తి, లలిత కళలు వంటివి వారికి తగిన కోర్సులుగా సూచించింది. 1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన జాతీయ స్త్రీ విద్యా కమిటీ ఏర్పడింది. దాని సిఫారసుతో స్త్రీ విద్యకు ప్రత్యేకంగా ఒక జాతీయ మండలి వచ్చింది. ఆ తర్వాత 1960లలో హంసా మెహతా కమిటీ ఆడపిల్లలకొక పాఠ్యప్రణాళిక, మగపిల్లలకొకటి ఉండరాదని చెప్పింది. 1964-66 కొఠారి కమిషన్ దాన్ని సమర్థించింది. అంటే ఆడవాళ్ళ చదువులు, మగవాళ్ళ చదువులు అన్న విభజన కాగితం మీద రద్దయి అరవై ఏళ్ళు కావస్తోంది.

దుర్గాబాయి సొంత చదువు మన విషయానికి మంచి ఉదాహరణ. చిన్నప్పుడే హిందీ నేర్చుకుని ఆడవాళ్ళకు నేర్పింది. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకెళ్ళింది. ఆ తర్వాత మెట్రిక్ పరీక్షకు కూర్చుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదవాలని వెళితే, ఆడపిల్లలకు హాస్టలు లేదన్నది అడ్డమైంది. చదువుకోవాలనుకునే ఇతర అమ్మాయిలను కూడగట్టి హాస్టలు ఏర్పాటు చేసుకుని సీటు సంపాదించింది. తర్వాత మద్రాసులో లా చదివింది. రాజ్యాంగ సభకు, ప్రణాళికా సంఘానికి వెళ్ళింది. హిందీ పాఠాలు చెప్పే రోజుల్లో ఆమెను "నువ్వేమవుతావు?" అని అడిగి ఉంటే ఈ జవాబు ఆమె చెప్పగలిగేది కాదు. ఆమెకు కావలసింది ముందే తెలిసిన గమ్యం కాదు, ఒక హాస్టలు. మనం గుర్తుంచుకోవలసింది అదే. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు చదువు మానేసిన స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టడం వెనక కూడా ఈ అనుభవముంది.

మన రాష్ట్రాల్లో ఆడపిల్లలకు మేలు చేసిన ఏర్పాట్లు లేకపోలేదు. వృత్తి విద్యా కోర్సుల్లో మూడోవంతు సీట్ల రిజర్వేషన్, 1983లో తిరుపతిలో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1924లో మొదలై 2022లో విశ్వవిద్యాలయమైన కోఠీ మహిళా కళాశాల, 2016 నుంచి తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలు, వీటివల్ల వేల ఇళ్ళల్లో తల్లిదండ్రులు సరేనన్నారు. 2000ల రెండో సగంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా చాలామంది ఆడపిల్లలను ఇంజనీరింగ్ కాలేజీలకు పంపింది. కానీ అది ఫీజుకే గాని బస్సుకు, పుస్తకాలకు కాదు. పైగా ప్రభుత్వాలు బకాయి పెడితే కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఇది ఏటా చూస్తున్నదే. సర్టిఫికెట్ చేతికి రాక పీజీలో చేరలేని అబ్బాయి ఏదో పనిలో చేరతాడు. అమ్మాయి ఇంట్లో కూర్చుంటుంది. ఇంట్లో కూర్చున్న అమ్మాయికి ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు.

ఇటీవలి మార్పులు రెండింటిని ప్రత్యేకంగా చూడాలి. మొదటిది ప్రవేశాల పద్ధతి. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ ద్వారా డిగ్రీ సీట్లు భర్తీ చేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆన్‌లైన్ పద్ధతే నడుస్తోంది. కాలేజీల చుట్టూ తిరిగే పని తప్పింది, సిఫారసులు తగ్గాయి. అయితే ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది? చాలా ఇళ్ళల్లో ఆధార్‌కు జతచేసిన నంబరు నాన్నదో అన్నదో. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెబ్ ఆప్షన్ల వరస పెట్టేది అన్న, లేదా ఆ సెంటర్ నడిపే మనిషి. సీటు వచ్చాక గాని తనకు ఏ సబ్జెక్టు వచ్చిందో తెలియని అమ్మాయిలున్నారు. మూడేళ్ళ చదువును మరొకరు పది నిమిషాల్లో తేల్చేస్తున్నారన్నమాట.

రెండోది 2020 జాతీయ విద్యా విధానం. దాని ప్రకారం ఒక ఏడాది చదివి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు ఆనర్స్. ఎప్పుడైనా వెళ్ళవచ్చు, మళ్ళీ రావచ్చు అంటున్నారు. ఏం చదవాలో తేల్చుకోని వారికి ఇది సౌకర్యంగా కనిపిస్తుంది. కానీ ఆడపిల్ల విషయంలో బయటికి వెళ్ళే దారి తీయడం తేలిక. "ఒక సర్టిఫికెట్ వచ్చింది కదా, చాలు" అని పెళ్ళి చేసెయ్యడానికి ఇదొక కారణమవుతుంది. తిరిగి రావాలంటే అత్తవారిల్లు ఒప్పుకోవాలి, బిడ్డను ఎవరైనా చూసుకోవాలి, ఆ ఊరికి కాలేజీ దగ్గరగా ఉండాలి. ఇవేవీ ఆ విధాన పత్రం చేతిలో లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒకే మేజర్ పద్ధతి తెచ్చినప్పుడు ఇంకో చిక్కు కూడా వచ్చింది. అంతకుముందు బి.ఎస్‌సి.లో మూడు సబ్జెక్టులు సమానంగా చదువుతూ మూడో ఏడాదికి ఏది తనదో తేల్చుకునే వీలుండేది. ఒకే మేజర్ అన్నప్పుడు ఆ నిర్ణయం మొదటి రోజే చెయ్యాలి. తెలియనివారికి ఉన్న వ్యవధి తగ్గింది.

ఇక మూడో అంశం, మనం ఏం చెయ్యాలి. "తెలీదక్కా" అన్న అమ్మాయితో మన సంభాషణ ఎలా సాగాలి?

మొదట ఆ మాటలో తప్పులేదని చెప్పాలి, ఆమెకూ, ఆమె తల్లికీ కూడా. తర్వాత "నువ్వేమవుతావు?" అన్న పెద్ద ప్రశ్న పక్కన పెట్టి, జవాబు దొరికే చిన్న ప్రశ్నలు అడగాలి. ఏ తలుపు మూసుకుపోతుంది అన్నది మొదటి ప్రశ్న. ఎంపీసీ చదివినవారు తర్వాత బి.ఏ.లో, లాలో, బి.కాం.లో చేరగలరు, బి.ఫార్మసీకి కూడా అర్హులే. బైపీసీ చదివితే నర్సింగ్, వ్యవసాయం, ఫార్మసీ, వైద్యం దారులుంటాయి, ఇంజనీరింగ్ మాత్రం దాదాపు మూసుకుపోతుంది. సీఈసీ, హెచ్‌ఈసీ నుంచి అయిదేళ్ళ లా, బి.ఏ., బి.కాం., టీచర్ శిక్షణ ఉంటాయి గాని సైన్సు వైపు వెళ్ళడం కుదరదు. అంటే సైన్సు నుంచి ఆర్ట్స్‌కు దారి ఉంది, తిరుగుదారి లేదు. అలాగని అందరినీ ఎంపీసీలోకి తోయమని నేను చెప్పడం లేదు. లెక్కల్లో తప్పిన అమ్మాయికి ఏ తలుపూ తెరుచుకోదు. ఇష్టంగా చదివి పాసయ్యే హెచ్‌ఈసీ, భయపడుతూ తప్పే ఎంపీసీ కన్నా ఎన్నో రెట్లు మేలు.

రెండో ప్రశ్న, ఎవరూ చెప్పకుండానే ఏ పుస్తకం తెరుస్తావు? మార్కులు ఎందులో ఎక్కువ వచ్చాయన్నది వేరే ప్రశ్న. మార్కులు టీచరును బట్టి కూడా వస్తాయి. మూడోది, ఈ చదువుకు ఎన్నేళ్ళు, ఏటా ఎంత, అది ఎవరు కడతారు? నాలుగోది, మధ్యలో ఆపవలసి వస్తే చేతిలో ఏం మిగులుతుంది? ఇంజనీరింగ్ రెండో ఏట ఆగిపోతే చేతిలో మిగిలేది చాలా తక్కువ. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తయితే దానితో పని దొరుకుతుంది, ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరే దారీ ఉంది.

డిగ్రీ దగ్గరికొచ్చేసరికి భయం కొంత తగ్గించవచ్చు. సివిల్ సర్వీసులు, గ్రూప్స్‌లో చాలా ఉద్యోగాలు, బ్యాంకు పరీక్షలు, మూడేళ్ళ లా, ఎం.బి.ఏ., వీటికి ఏ డిగ్రీ అయినా చాలు.  బి.ఎడ్. చేసి టీచరు కావాలనుకునేవారు మాత్రం జాగ్రత్త పడాలి. డిగ్రీలో చదివిన సబ్జెక్టును బట్టే మెథడాలజీ, దాన్ని బట్టే డీఎస్సీలో పోస్టు ఉంటాయి. కొత్త పేర్ల కోర్సులు చేరేముందు ఈ ఒక్క సంగతి కనుక్కోవాలి. సీటు వచ్చాక సబ్జెక్టు నచ్చకపోతే దోస్త్‌లో అదే కాలేజీలో కోర్సు మార్చుకునే విడత ఉంటుంది. ఈ విషయం తెలియక మూడేళ్ళు ఇష్టంలేని చదువు లాగినవారున్నారు.

ఒక విమర్శకు జవాబు చెప్పాలి. పేద పిల్లలకు ఇవన్నీ ఎక్కడ సాధ్యం, తొందరగా ఉద్యోగం వచ్చేది ఏదో చెప్పండి అని మన కార్యకర్తలే అంటారు. వారి ఆత్రం నాకు అర్థమవుతుంది. అయితే ఉన్నవాళ్ళ పిల్ల తప్పు కోర్సులో చేరినా మళ్ళీ డబ్బు కట్టి ఇంకో కోర్సులో చేరుతుంది. లేనివాళ్ళ పిల్లకు రెండో అవకాశం లేదు. అందుచేత ఎక్కువ తలుపులు తెరిచి ఉంచుకోవలసిన అవసరం ఆమెకే ఎక్కువ. తొందరగా ఉద్యోగం అన్న పేరుతో ఆమెను ఒక్క కుట్టు మిషన్ దగ్గరికో, ఒక్క నర్సింగ్ కోర్సుకో పంపితే రాధాకృష్ణన్ కమిషన్ చేసిన పనే మనమూ చేస్తున్నాం. ఆమె నర్సింగ్ కోరుకుంటే అది వేరు. అది గౌరవంగా జీతం తెచ్చే చదువు. కోరుకోవడానికి ముందు నాలుగు దారులు ఆమె కళ్ళకు కనిపించాలి, అంతే.

చదివినవాళ్ళంతా ఉద్యోగాలు చేస్తున్నారా అని కూడా అడుగుతారు. 2023-24 శ్రామిక సర్వేలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో శ్రామిక శక్తిలో ఉన్నవారు 41.7 శాతం. అందులో ఎక్కువ భాగం సొంత పొలాల్లో, ఇంటి పట్టున చేసే పనులే. చదివిన స్త్రీలకు తగిన ఉద్యోగాలు లేవన్నది నిజం. దానికి కారణం వాళ్ళు తీసుకున్న గ్రూపు ఒక్కటే కాదు. ఇంటిపని, పిల్లల పెంపకం, రాత్రి ప్రయాణానికి రక్షణ లేకపోవడం, నియామకాల్లో వివక్ష, ఇవన్నీ ఉన్నాయి. ఉద్యోగం రాలేదు కాబట్టి ఆ చదువే దండగ అన్న మాటను మనం ఒప్పుకోకూడదు.

చివరగా, ఈ వేసవిలో చెయ్యగలిగిన పనులు కొన్ని మీ ముందు పెడతాను. పది, ఇంటర్ ఫలితాలు వచ్చే వారం రోజులు మన ఆఫీసులో ఇద్దరు కూర్చోవాలి. తప్పిన పిల్లలకోసం ఆ రోజులు మరీ ముఖ్యం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులున్నాయని తర్వాత బయటపడింది. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్, అదే ఏడాది సప్లిమెంటరీ ఉంటాయని ఇంటింటికీ వెళ్ళి చెప్పాలి. ఫెయిలైన అమ్మాయి ఇంటికి మొదట వెళ్ళాలి.

అమ్మాయి పేరుతో సిమ్ తీయించి, ఆధార్‌కు ఆ నంబరు జత చేయించాలి. ఆప్షన్ల వరస ముందురోజే ఆమె చేత కాగితం మీద రాయించాలి. తల్లులతో విడిగా సమావేశం పెట్టాలి, ఎందుకంటే ఇంట్లో ఆమె తరఫున మాట్లాడగలిగేది తల్లే. మన ప్రాంతంలోనే పనిచేస్తున్న స్త్రీలను, లాయరును, బస్సు కండక్టరును, ల్యాబ్ టెక్నీషియన్‌ను, వ్యవసాయ అధికారిని, పంచాయతీ కార్యదర్శిని పిలిచి వాళ్ళ పని ఏమిటో, ఆ పనికి ఎలా వచ్చారో పిల్లలకు చెప్పించాలి. వాళ్ళల్లో చాలామంది అనుకున్న దారిన రాలేదని పిల్లలు వినాలి. మధ్యలో ఆగిపోయినవారికి ఓపెన్ స్కూలు ఉంది, 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఆ దరఖాస్తు తేదీలు మన గోడ మీద ఉండాలి.

ఇవి మనం చేసేవి. ప్రభుత్వాన్ని అడగవలసినవి వేరే ఉన్నాయి. మండల కేంద్రంలో జూనియర్ కాలేజీ ఉంటే అందులో అన్ని గ్రూపులూ, వాటికి లెక్చరర్లూ ఉండాలి. కాలేజీ వేళలకు సరిపడే బస్సులుండాలి. ఆడపిల్లల హాస్టళ్ళు పెరగాలి. బకాయిల పేరుతో ఏ కాలేజీ సర్టిఫికెట్ ఆపకూడదు, బకాయి ప్రభుత్వం తీర్చాలి. డిగ్రీ మొదటి ఏడాది చివర మేజర్ మార్చుకునే వీలు ప్రతి విద్యార్థికీ హక్కుగా ఉండాలి. మధ్యలో మానిన అమ్మాయి తిరిగి వచ్చినప్పుడు వయసు, పెళ్ళి, బిడ్డ అన్నవి అడ్డం కాకూడదు, కాలేజీలో శిశు సంరక్షణ ఏర్పాటు ఉండాలి.

తనకేం కావాలో తెలుసుకోవడానికి అబ్బాయికి ఇచ్చే రెండు మూడేళ్ళ వ్యవధి అమ్మాయికీ ఇమ్మని అడుగుతున్నాం. ఈ డిమాండ్లలో మీ ప్రాంతానికి ఏది ముందు అవసరమో, నేను చెప్పనిది ఏముందో ఇప్పుడు చర్చలో మీరు చెప్పాలి. బస్సు సంగతి, హాస్టలు సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.